బియాంగ్ అచ్చు: ఒక ఏప్రన్, 58 గీతలు

జనవరి 15, కనుమ

మా అక్క కొడుకు ఎంబీబీఎస్ చైనాలో చదివాడు, షాన్‌షీ రాష్ట్రంలో షియాన్ ఊళ్లో. తిరిగొచ్చి రెండేళ్లు దాటినా వాడి నాలుక ఇంకా అక్కడే ఉంది. కనుమ నాడు మినుము తినాలని మా ఆవిడ గారెలు వేస్తుంటే, పక్క పొయ్యి దగ్గర వీడు మైదాపిండి ముద్దతో కుస్తీ పడుతున్నాడు. ముద్దని పట్టీలా సాగదీసి, రెండు కొసలూ పట్టుకుని గ్రానైట్ గట్టుకేసి ఒక్కటి కొట్టాడు. గారెల మూకుడు అదిరింది.

"విన్నావా మావయ్యా? బియాంగ్! అదే దీని పేరు."

అవి బియాంగ్‌బియాంగ్ నూడుల్స్. పేరులో రెండుసార్లు ఉంటుంది. మనం ప్యాకెట్లో చూసే సన్న దారాల బాపతు కాదు. ఒక్కో పట్టీ రెండు మూడు వేళ్ల వెడల్పు, మూరెడు పైన పొడవు. షాన్‌షీ వాళ్ల వింతల గురించి అక్కడ ఒక సామెతల జాబితా ఉందిట. నూడుల్స్ ప్యాంటు బెల్టంత ఉంటాయనేది అందులో ఒకటి. మిరపకాయ అక్కడ కారం కాదు, ఒక కూర అనేది ఇంకొకటి. ఆ మాట విన్నాక ఆ ఊరి మీద నాకు గౌరవం పెరిగింది.

ఉడికిన పట్టీల మీద కారప్పొడి, తరిగిన వెల్లుల్లి, ఉల్లికాడలు కుప్పగా పోసి, పొగలొచ్చేదాకా కాచిన నూనె గరిటెతో పైనుంచి వంపాడు. సుయ్‌మంది. "పోపేగా, పైనుంచి పోశావంతే," అంది మా ఆవిడ.

తిన్నాక కరెంటు బిల్లు వెనక వాడు ఆ పేరు రాసి చూపించాడు. ఒక్క అక్షరం. రాస్తున్నంతసేపూ గొంతులో ఏదో పాట పాడుతూనే ఉన్నాడు. నోరు చెబుతుంటే చెయ్యి రాసుకుపోయింది. నిమిషంలో బిల్లు వెనక ఒక చిన్న ఊరు లేచినట్టయింది. పాట మధ్యలో ఆపి అక్కణ్నించి రాయమన్నాను. రాలేదు. మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు.

ఫిబ్రవరి 23 వాడి పుట్టినరోజు. ఏప్రన్ మీద ఈ అక్షరం అచ్చువేసి ఇస్తే ఎలా ఉంటుంది? నాది డీటీపీ పని. అక్షరాల మధ్యే బతుకు. అయిదున్నర వారాలు చాలవా అనుకున్నాను.

జనవరి 19

ఈరోజు కత్తి పట్టలేదు, లెక్కే. బిల్లుని స్కాన్ చేసి, పెద్దది చేసి, ముక్కలు ముక్కలుగా రంగులేశాను.

పైన గుహ అనే అర్థం వచ్చే ముక్క కప్పులా ఉంటుంది: 5 గీతలు. దాని కింద నడి మధ్యన మాట అనే ముక్క, 7. దానికి అటూ ఇటూ దారం మెలికల్లాంటివి, మూడేసి చొప్పున 6. మాట కింద గుర్రం, 10. గుర్రానికి రెండు పక్కలా పొడుగు అనే ముక్క, ఎనిమిదేసి చొప్పున 16. వీటన్నిటికీ ఎడమ పక్కన చంద్రుడు, 4. కుడి పక్కన నిలబెట్టిన కత్తి, 2. అడుగున హృదయం, 4. మొత్తాన్నీ ఎడమనుంచి కిందికి చుట్టి మోసే నడక అనే ముక్క, మరో 4. వెరసి 58.

నడకని ఈకాలం పద్ధతిలో ఒక చుక్క తగ్గించి రాస్తే 57. అసలు చైనాలో ఇప్పుడు వాడే సరళ లిపిలో గుర్రం 3 గీతలకి, పొడుగు 4కి తగ్గిపోయాయి కాబట్టి అలా రాస్తే మొత్తం 42. మావాడు మాత్రం పెద్ద రూపమే కావాలంటాడు. "హోటల్ బోర్డుల మీద అదే ఉంటుంది మావయ్యా. 42 గీతలది పెడితే పెళ్లికి లుంగీతో వెళ్లినట్టుంటుంది."

మరి గుహకీ గుర్రానికీ హృదయానికీ ఈ తిండితో ఏం సంబంధం? ఏమీ లేదు. చైనా అక్షరాల్లో ఎక్కువ వాటికి ఒక ముక్క అర్థం వైపు వేలు చూపిస్తుంది, ఇంకో ముక్క పలకడం వైపు చూపిస్తుంది. గుర్రం ముక్కని 'మా' అంటారు. దానికి స్త్రీ అనే ముక్క చేరిస్తే 'మా' అనే పలుకుతో అమ్మ అవుతుంది. ఆ లెక్క ఇక్కడ పనిచెయ్యదు. ఇందులో 'బియాంగ్' అని పలికే ముక్క ఒక్కటీ లేదు. పిండి అనే ముక్క గానీ తిండి అనే ముక్క గానీ లేదు. అర్థమల్లా ఒక చప్పుడు. పిండి గట్టుకి తగిలిన చప్పుడే పేరయిందని అక్కడ ఎక్కువమంది చెప్పేమాట. కనుమ నాడు విన్నదాన్ని బట్టి నాకూ అదే నిజమనిపిస్తుంది.

చూడగా చూడగా నాకు పాత పని గుర్తొచ్చింది. ఎప్పుడో ఒక సంస్కృత వ్యాఖ్యానం పుస్తకం కంపోజ్ చేస్తుంటే 'కార్త్స్న్యం' అనే మాట తగిలింది. ర కింద త, స, న, య నాలుగు వత్తులు. ఆ నాలుగింటికీ చోటు వెతికేసరికి కింది లైను మీదికి దిగిపోయాయి. మనం చోటు చాలకపోతే కిందికి, పక్కకి జారతాం. వాళ్లకి ఆ వీలు లేదు. 58 గీతలున్నా, ఒకే గీత ఉన్నా ఒకే సైజు చదరంలో ఒదగాలి. ఈ మాట రాసుకున్నప్పుడు తేలిగ్గానే ఉంది. దీని బరువేంటో తర్వాత చెక్కినప్పుడు తెలిసింది.

జనవరి 23

ఫాంటు వేట. వాడి చేతిరాత మీద నమ్మకం లేక కాదు గానీ, అచ్చుకి కొలతలు సరిగ్గా ఉండాలి.

నా ఆఫీసు కంప్యూటర్లో ఆ అక్షరం కాపీ చేసి పెడితే ఖాళీ డబ్బా వచ్చింది. ఆశ్చర్యమేం లేదు. ఇది యూనికోడ్‌లోకి, అంటే కంప్యూటర్ల కోసం ఒక్కో అక్షరానికి ఒక నంబరిచ్చే ఉమ్మడి జాబితాలోకి, ఎక్కింది 2020 మార్చిలో, 13.0 వెర్షన్‌తో. అప్పుడు చేర్చిన 4,939 చైనా లిపి అక్షరాల గుంపు కోసం అప్పటిదాకా ఖాళీగా ఉన్న ఒక కొత్త అరనే తెరిచారు. బియాంగ్ పెద్ద రూపం, సరళ రూపం రెండూ అందులో పక్కపక్క గదుల్లో ఉన్నాయి. అదే గుంపులో జపాన్ నుంచి వచ్చిన ఇంకో అక్షరం ఉంది. మూడు మబ్బులు, మూడు డ్రాగన్లు, మొత్తం 84 గీతలు. వాడి పుట్టినరోజుకి అది అడగనందుకు సంతోషించాను.

మరి 2020కి ముందు హోటళ్లవాళ్లు మెనూ ఎలా కొట్టించుకునేవాళ్లు? మావాడి ఫోన్లో పాత ఫొటోలున్నాయి. ఒక దాంట్లో ఇంగ్లీషు అక్షరాల్లో బియాంగ్‌బియాంగ్ అని కొట్టి, పక్కన నూడుల్స్ అనే చైనా అక్షరం ఒక్కటి పెట్టారు. ఇంకోచోట బొమ్మగా అతికించారు. గోడమీదైతే బ్రష్‌తో రాసిందే.

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన ఒక ముచ్చట దొరికింది. సోర్స్ హాన్ సాన్స్ అనే ఉచిత ఫాంటులో ఈ అక్షరం 2018లోనే ఉంది. యూనికోడ్‌లో దీనికింకా నంబరు లేదు కాబట్టి దాన్ని నేరుగా కొట్టడానికి వీల్లేదు. అందుకని "పైన ఇది, కింద ఇది, పక్కపక్కన ఈ మూడు, ఎడమనుంచి చుట్టినది ఇది" అని చెప్పే గుర్తులు, వాటితో ముక్కలు వరసగా టైప్ చేస్తే ఫాంటు వాటిని కలిపి ఒక్క అక్షరంగా చూపించేది. అంటే మనం క, పొల్లు, ష కొడితే 'క్ష' వచ్చినట్టే. మనం రోజూ చేసే పనిని వాళ్లు ఒక నూడుల్స్ అక్షరం కోసం ప్రత్యేకంగా ఏర్పాటు చేసుకున్నారు. ఈ కలపడంలో తేడా వస్తే ఏమవుతుందో మనకి తెలుసు. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' ఒక మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. అప్‌డేట్ వచ్చేదాకా ఒక్క తెలుగక్షరం ప్రపంచాన్ని ఆడించింది. నాకు లోలోపల గర్వంగానే ఉండేది.

ఫాంటులోని రూపాన్నే తీసుకున్నాను. బోర్డుల ఫొటోలు చూస్తే ఒకదానికొకటి పొంతన లేదు. ఒకచోట కత్తి బదులు ఈటెలాంటి ముక్క ఉంది. నడకకి ఒకచోట ఒక చుక్క, ఇంకోచోట రెండు. ఏది సరైనదని అడిగితే మావాడు భుజాలెగరేశాడు. "ఏ హోటల్లో తింటే అది సరైనది."

జనవరి 26

సెలవు. చెయ్యి నొప్పి. (కత్తితో ఎరేజర్ల మీద ప్రాక్టీసు. బొటనవేలికి ప్లాస్టర్.) కూర్చుని పుట్టుక కథలు పోగేశాను.

ఒక కథ ఇది. ఆకలితో నకనకలాడుతున్న ఒక పేద పండితుడు హోటల్లో దూరి కడుపునిండా తిన్నాడు. తీరా చూస్తే జేబులో కాసు లేదు. లోపలి నుంచి పిండి కొడుతున్న చప్పుడు వస్తోంది. "ఈ వంటకానికి అక్షరం ఉందా?" అని అడిగాడు. లేదన్నారు. పాట పాడుకుంటూ అక్కడికక్కడే అక్షరం కట్టి బిల్లు మాఫీ చేయించుకున్నాడు. మన చాటు పద్యాల కవుల కథలాగే ఉంది. ఊరూ పేరూ మారిస్తే మన దగ్గరా నడిచిపోతుంది.

రెండో కథలో లీ సి వస్తాడు. చిన్ సామ్రాజ్యపు మహామంత్రి. క్రీ.పూ. 221లో దేశమంతా ఒక ఏలుబడిలోకి వచ్చాక రకరకాలుగా ఉన్న లిపిని ఒక్క తీరుకి తెచ్చిన ఘనత ఆయనకి చెబుతారు. ఆ లీ సి ఈ అక్షరం కట్టాడట. నాకు మింగుడుపడలేదు. లిపిని పద్ధతిలో పెట్టాలని కూర్చున్న మనిషి నూడుల్స్ కోసం 58 గీతలు పోగేస్తాడా? ఆయన కథ చివరికి షియాన్ పక్కనున్న షియాన్‌యాంగ్‌లోనే ముగిసింది. క్రీ.పూ. 208లో అక్కడి సంతలో నడుముకి నరికి చంపారు. ఈ అక్షరం పాట కూడా షియాన్‌యాంగ్ దగ్గరే ముగుస్తుంది. ఆ ఒక్క ఊరి పేరు పట్టుకుని ఎవరో కథ అల్లి ఉంటారని నా అనుమానం.

1716లో ముగించిన కాంగ్‌షీ నిఘంటువులో 47,035 అక్షరాలున్నాయి. చచ్చిపోయిన అక్షరాలనీ, ఒక్కసారే వాడిన అక్షరాలనీ వెతికి పెట్టారు అందులో. ఇది లేదు. పైగా ప్రామాణిక చైనా భాషలో 'బియెన్' ఉంది, 'లియాంగ్' ఉంది, 'బియాంగ్' అనే పలుకే లేదు. షియాన్ చుట్టుపక్కల యాసలో బతికిన చప్పుడది. పండితులు ఇవ్వని అక్షరాన్ని హోటలువాళ్లే బోర్డు కోసం కట్టుకుని ఉంటారు. చూసినవాడు ఆగి "ఏంటిది?" అని అడగాలి, లోపలికి రావాలి. డీటీపీలో ముప్ఫై ఏళ్లు బోర్డులు చేసినవాణ్ని, ఈ ఎత్తు నేను గుర్తుపడతాను.

ఆ పాట అర్థం వాడితో ఫోన్లో చెప్పించుకుని నా మాటల్లో రాసుకున్నాను, చెక్కేటప్పుడు తప్పిపోకుండా:

చుక్క ఎగిరి నింగికెక్కె, పచ్చనేరు రెండు వంపులు. ఎనిమిదంకె నోరు తెరిచె, మాట లోపలికి నడిచె. ఎడమకొక మెలిక, కుడికొక మెలిక. పడమట ఒక పొడుగు, తూర్పున ఒక పొడుగు, నడుమ గుర్రపు దొర. అడుగున గుండె, పక్కన చందమామ, మిఠాయి తగిలించ కొక్కెం ఒకటి. బండి తోసుకుంటూ పద షియాన్‌యాంగ్.

పచ్చనేరంటే వాళ్ల పసుపు నది. కొక్కెం అంటున్నది కత్తి ముక్కని. బండి అంటే నడక ముక్క, అది అన్నిటినీ ఎక్కించుకుని పోతుంది. "నేను మొదటిసారి విమానం దిగింది కూడా షియాన్‌యాంగ్‌లోనే మావయ్యా," అన్నాడు వాడు. షియాన్ విమానాశ్రయం ఉన్నది అక్కడేనట.

ఫిబ్రవరి 2

మొదటి అచ్చు. ఘోరం.

రబ్బరు షీటు 180 రూపాయలు. 6 సెంటీమీటర్ల చదరం. అక్షరాన్ని కంప్యూటర్లో అద్దంలో చూసినట్టు తిప్పి, లేజర్ ప్రింటు తీసి, బోర్లా పెట్టి థిన్నర్‌తో రుద్దాను. టోనర్ రబ్బరు మీదికి చక్కగా దిగింది. రెండు రాత్రులు చెక్కాను. నడి మధ్యన పైనుంచి కిందికి చూపు జార్చితే చుక్కలూ గీతలూ కలిపి పదహారు దాకా తగులుతాయి. మధ్యన ఖాళీలు కూడా కావాలి. అంటే 60 మిల్లీమీటర్లలో ముప్ఫై ఒక్క పొరలు, పొరకి రెండు మిల్లీమీటర్లు కూడా రావు. గుర్రం కాళ్లలాంటి నాలుగు చుక్కల్లో రెండు ఊడిపోయాయి. మాటకి నోరు మూసుకుపోయింది. రంగు పూసి కాగితం మీద ఒత్తితే మధ్యలో నల్లటి ముద్ద, చుట్టూ నాలుగు కాళ్లు. సాలీడులా ఉంది.

అయినా ఫొటో తీసి వాడికి పంపాను. అయిదు నిమిషాలకి జవాబు: "మావయ్యా, బండి వెనక్కి పోతోంది."

అర్థం కాలేదు. మళ్లీ చూశాను. చంద్రుడు కుడి పక్కన ఉన్నాడు, కత్తి ఎడమ పక్కన. అప్పుడు వెలిగింది. కంప్యూటర్లో ఒకసారి తిప్పాను. కాగితం బోర్లా వేసి రుద్దినప్పుడు అదంతట అదే ఇంకోసారి తిరిగింది. అంటే రబ్బరు మీద అక్షరం సరిగ్గా కూర్చుంది, కాబట్టి అచ్చులో తిరగబడింది. ముప్ఫై ఏళ్ల సర్వీసు! నాకు వెంటనే తెలియకపోవడానికి కారణం కూడా ఉంది. మధ్య భాగమంతా మెలిక-మాట-మెలిక, పొడుగు-గుర్రం-పొడుగు. ఎటు తిప్పినా తూకంగానే ఉంటుంది. పాట తెలిసినవాడికి మాత్రం బండి దారి తప్పిందని ఇట్టే తెలుస్తుంది.

ఫిబ్రవరి 9

పెడన వెళ్లాను. కలంకారీ అద్దకానికి టేకు అచ్చులు చెక్కే ఆయన ఒకరు తెలిసినవాళ్ల ద్వారా దొరికారు. డెబ్భై దగ్గర వయసు. నేను తీసుకెళ్లిన ప్రింటుని దూరంగా, దగ్గరగా పెట్టి చూశారు.

"ఏంటి బాబూ ఇది, యంత్రమా? గుమ్మానికి కడతారా?"

"కాదండీ బాబాయ్‌గారూ, చైనా అక్షరం. ఒక తిండి పేరు."

"ఒక్క అక్షరమే?"

"ఒక్కటే."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత గోరుతో కాగితం మీద ఖాళీలు తడుముతూ, "గీతలు సంగతి నాకొదిలెయ్యి. ఈ సందులున్నాయి చూశావూ, పని వీటితోనే. సందులో రంగు నిలబడితే ఏ అక్షరమైనా ఒకటే," అన్నారు. 12 సెంటీమీటర్లకి తక్కువైతే ముట్టుకోనన్నారు. అడ్డగీతలు సన్నగా, నిలువుగీతలు లావుగా చెయ్యమని సలహా ఇచ్చారు. చైనా అచ్చు పుస్తకాల్లో వందల ఏళ్లుగా ఉన్న తీరు అదే. అడ్డగీతలు ఎక్కువ కాబట్టి వాటిని సన్నం చేస్తేనే చోటు మిగులుతుంది. ఆయన ఒక్క చైనా పుస్తకం చూసి ఎరగరు. చెక్కని చూసి చెప్పారు.

ఈసారి కాగితం తిప్పే పని ఆయనకే వదిలేశాను. బోర్లా అంటించి, పైనుంచి సన్నటి మేకుతో గీతల అంచులు పొడుచుకుంటూ పోయారు. నేను పక్కన కూర్చుని పాట అర్థం చెప్పాను. గుర్రపు దొర దగ్గరికి వచ్చేసరికి నవ్వారు. ధర 1,500 అన్నారు, బేరం ఆడబుద్ధి కాలేదు.

ఫిబ్రవరి 18

అచ్చు సిద్ధం. ఉలి గాట్లు పెన్సిల్ ముల్లంత. చుక్కలన్నీ ఉన్నాయి. మాటకి నోరు తెరుచుకుంది.

అద్దకం పక్క షెడ్డులో. కోరా గుడ్డతో కుట్టించిన ఏప్రన్‌ని ముందే కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టించాను, లేత పసుపుకి తిరిగింది. రంగు అంటే ఇనుప తుక్కు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరిన ద్రవం. వాసన వర్ణించను. అద్దగానే అంత నల్లగా కనబడలేదు. నా మొహం చూసి అక్కడి కుర్రాడు, "ఆగండి సార్, గాలి తగలాలి," అన్నాడు. కరక్కాయలోని వగరు, ఇనుము కలిసి చూస్తుండగానే నల్లబడింది. కళ్లముందే అక్షరం పైకి తేలింది.

పాత గుడ్డ మీద మొదటి మూడూ పోయాయి. ఒకటి రంగు ఎక్కువై గుర్రం కాళ్లు కలిసిపోయాయి. ఒకటి అచ్చు జరిగి రెండు చంద్రుళ్లు పడ్డారు. మూడోది తక్కువ ఒత్తి నడిమధ్య వెలిసిపోయింది. నాలుగోది బాగా వచ్చింది, అయిదోది ఏప్రన్ మీద. అరచేతి మడమతో అచ్చు వీపు మీద ఒక్క దెబ్బ వెయ్యాలి, అదీ నడిమధ్యన. ఆ చప్పుడు మాత్రం బియాంగ్ కాదు, ధబ్.

అచ్చు చెక్కిన పెద్దాయన తనకీ ఒక గుడ్డముక్క మీద అద్దించుకున్నారు. "ఇంట్లో పెట్టుకోవచ్చుగా? దోషమేం లేదుగా?"

"తిండి పేరేనండీ."

"అయితే మంచిదే," అని మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఫిబ్రవరి 23

గుంటూరు వెళ్లి ఇచ్చి వచ్చాను. వాడు ఏప్రన్ పరిచి, చూపుడువేలు పై చుక్క మీద పెట్టి, పాట మొదలెట్టి, గీత గీతకీ వేలు జరుపుకుంటూ పోయాడు. వాళ్లమ్మ కూడా వచ్చి నిలబడింది. పరీక్ష పేపరు దిద్దుతున్నట్టుంది నాకు. బండి దగ్గరికొచ్చి ఆగాడు.

"రెండు చుక్కలు పెట్టించావు. 58."

"నా లెక్క 58 కదా మరి."

"నేను తినే హోటల్లో ఒకటే. సర్లే," అని కట్టుకుని పిండి తీశాడు. రాత్రికి చంద్రుడి పక్కన కారం నూనె మరక పడింది. ఉతికితే పోయింది, అక్షరం పోలేదు. అచ్చు నా దగ్గరే ఉంది, ఆముదం రాసి గుడ్డలో చుట్టి పెట్టాను. వాడి రూమ్మేట్లు ఇద్దరు తమకీ కావాలన్నారు. మరో రెండు ఏప్రన్లు కుట్టించాలి, కరక్కాయలు తేవాలి.